నా బండికి నా చేతి బ్రేకులు

ఆళ్ళగడ్డ,
24 ఫిబ్రవరి 1985

అక్కా,

అందరూ రాసినట్టు ‘ఇక్కడ మేము క్షేమం’ అని మొదలుపెట్టి కొట్టేశాను. క్షేమం సంగతి తర్వాత. జీపు కొన్నాను.

నవ్వకు. పాతదే. వేలంలో ఎవరూ పాడని బండి. మూడేళ్ళు వానకు తడిసి, ఎండకు ఎండి, సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టిన బండి. మిల్లు నుంచి నలుగురం తోసుకుంటూ తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాం. అమ్మ బయటికొచ్చి, “ఇదేందిరా, బండా, కోళ్ళగూడా?” అంది. ఇంజను నేనే లేపాను. ఆరేళ్ళుగా రైసుమిల్లు ఇంజనుతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఆ మాత్రం రాదా?

ఇక మిగిలింది బ్రేకులు. పెడలు తొక్కితే కాలు నేలకు పోతుంది. నాలుగు చక్రాలకూ కొత్తవి వేయాలి. నేనే వేస్తాను. ఇంటి ముందే, నా చేత్తోనే. ఏ షెడ్డుకూ తోలుకుపోను.

ఎందుకో నీకు తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే నువ్వు మరిచిపోయినట్టు నటిస్తావు. ఆరేళ్ళ కిందట ఘాటు రోడ్డు మూడో మలుపులో, నాయన డ్రైవరుగా ఉన్న యజమాని జీపుకు బ్రేకులు పడలేదు. నాయన బండిని లోయలోకి పోనీయకుండా కొండకు కొట్టాడు. యజమాని భుజం విరిగింది, నాయన మోకాలు పగిలింది, ఇద్దరి ప్రాణాలూ దక్కాయి. దానికి బహుమానం ఏమిటి? “తాగి నడిపినాడు.” జన్మలో సారా వాసన చూడని మనిషి! పని పోయింది. గుడిలో పాస్టరు సంజీవయ్య అయ్యగారు రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నారు. నాయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా మోకాలు ఈడ్చుకుంటూ నంద్యాలకు నీ దగ్గరికొచ్చి కట్టెల అడితి గేటు ముందు కాపలాకు కూర్చున్నాడు. మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. ఆళ్ళగడ్డలో అడుగు పెట్టలేదు.

ఆ జీపు బాగోగులు చూసింది ఎవరు? బాషా. అప్పుడు మన సందు చివరే ఆయన షెడ్డు. చిన్నప్పుడు మామా, మామా అని ఆయన వెంట తిరిగాను. బ్రేకులు పాడు చేసింది ఆయన, తాగుబోతైంది నాయన. ఊళ్ళో వాళ్ళు లోలోపల అనుకున్నారు కూడా. అందుకే ఆ షెడ్డుకు బండ్లు పోవడం ఆగిపోయి నంద్యాలకు ఎత్తేశాడు. నాయన ముందు నిలబడి ఆ మాట అన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నేను అంటాను. మంచి శుక్రవారం నాడు మన గుడి ఆడవాళ్ళు ఈ జీపులో రుద్రవరం సభలకు పోతారు. నడిపేది నాయన. బ్రేకులు నావి. తాగుబోతని అన్నవాళ్ళు ఆ బండి ఎక్కి పోయి, దిగి రావాలి. అంతే నాకు కావలసింది.

సీటు కింద పెట్టెలో ఈ బండిదే ఇంగ్లీషు పుస్తకం దొరికింది. బ్రేకుల కాగితం చించి పంపుతున్నాను. బొమ్మలు నాకు అర్థమైనాయి. కింద ఉన్న అక్షరాలు నువ్వు తెలుగు చేసి పంపు. టీచరమ్మవు కదా, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు నీకు.

గోళ్ళలో మసి వదలని నీ తమ్ముడు,
ఏలీయా


నంద్యాల,
2 మార్చి 1985

తమ్ముడు ఏలీయాకు,

నీ ఉత్తరం స్కూలుకు వచ్చింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ బల్ల కింద పెట్టుకుని చదివాను. పదమూడో ఎక్కం తప్పు చెప్పిన పిల్లను కూడా బాగుంది కూర్చో అన్నాను. ఆ పాపం నీదే.

సాయంత్రం నాయనకు చదివి వినిపించాను. బాషా పేరు రాగానే చాలు ఆపమన్నాడు. “ఆ బండి వద్దని రాయి” అన్నాడు. ఎందుకని అడిగాను. “వద్దని రాయి. అంతే” అని చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. కాబట్టి రాస్తున్నాను. వద్దు.

నా మాట కూడా విను. నువ్వు మిల్లు ఇంజను బాగు చేస్తావు, ఒప్పుకుంటాను. ఇంజను ఆగిపోతే వడ్లు ఆగుతాయి. బ్రేకులు పడకపోతే మనుషులు పోతారు. అది కూర కాదు, ఉడకలేదని మళ్ళీ పొయ్యి మీద పెట్టడానికి. నాయన పేరు నిలబెట్టడానికి పదిమంది ఆడవాళ్ళను ఎక్కించుకుని పరీక్ష చేస్తావా? నీకు నాయన మీద ప్రేమ కంటే ఊరి మీద కోపం ఎక్కువని నా అనుమానం.

బాషా మీద నీకెంత కోపం ఉన్నా, ఇప్పుడు ఆయన షెడ్డుకు నంద్యాలలో మంచి పేరు ఉంది. రోడ్డు మీద కనిపిస్తే “మీ నాయన మోకాలు ఎట్లుందమ్మా?” అని అడగకుండా పోడు. నాయనే ఆ షెడ్డు ఉన్న దారి వదిలి, నొప్పి కాలితో చుట్టూ తిరిగి అడితికి పోతాడు. తప్పు చేసినవాడు పలకరిస్తుంటే, పడినవాడు మొహం తిప్పుకోవడం ఏమిటో నాకు ఇంతవరకు అర్థం కాలేదు.

బండి ఏ షెడ్డులోనైనా పెట్టు. అంతవరకు నీ కాగితం తెలుగు చేయను. అది నా పెట్టెలో, బైబిలు కింద ఉంది. అక్కడే ఉంటుంది.

అమ్మకు దగ్గు తగ్గిందా? అది రాయవు. బండికి కోళ్ళ కంపు ఉందని మాత్రం రాస్తావు.

నీ మేలు కోరి నీ చేత తిట్లు తినే అక్క,
లూదియా


ఆళ్ళగడ్డ,
9 మార్చి 1985

లూదియా టీచరు గారికి,

అమ్మకు దగ్గు తగ్గింది. అది ముందు రాశాను, చూసుకో.

కాగితం నీ దగ్గరే పెట్టుకో. బైబిలు కింద పెట్టావు కదా, పవిత్రమవుతుంది. నేను బొమ్మలు చూసుకుని చేస్తాను. మనలాంటి వాళ్ళకు ఏ పనైనా ఎవరు నేర్పారు? నేను ఇంజను దగ్గర చేరినప్పుడు పాత ఫిట్టరు పానా పట్టుకోవాల్సి వస్తే నాకు వీపు తిప్పి నిలబడేవాడు, ఎక్కడ చూసి నేర్చుకుంటానో అని. ఆ వీపు వెనక నుంచే నేర్చుకున్నాను. వాళ్ళకు షెడ్డు తాళం, నీకు పెట్టె తాళం.

మొన్నా నిన్నా చక్రాలు విప్పాను. బండిని జాకీతో ఎత్తి, కింద రాళ్ళు పేర్చి, డ్రమ్ములు ఊడబీకాను. తుప్పుతో కరుచుకుపోయి ఒక్కోటి పూట పట్టింది. పద్మమ్మ నీళ్ళ బిందెతో పోతూ ఆగి, “ఏమప్పా ఏలీయా, జీపును చంపుతాండావా, బతికిస్తాండావా?” అంది. “నీ కోసమే బతికిస్తాండా పద్మమ్మత్తా, రుద్రవరం సభలకు ముందు సీటు నీదే” అన్నాను. “నేను నడిచే పోతాలేప్పా, పిల్లలు గలదాన్ని” అంటూ పోయింది. అందరూ నవ్వారు. నవ్వనీ.

నీకు భయం కదా, విను. ఇందులో మాయ ఏమీ లేదు. కాలితో పెడలు తొక్కితే బ్రేకు నూనె సన్న గొట్టాల్లో తోసుకుపోతుంది. ప్రతి చక్రం లోపల ఒక చిన్న సిలిండరు, అందులో రబ్బరు బిళ్ళలు ఉంటాయి. నూనె వచ్చి ఆ బిళ్ళలను నెడితే, అవి అర్ధచంద్రంలాంటి రెండు ఇనుప షూలను నెడతాయి. షూల మీద లైనర్లని గరుకు పట్టీలు ఉంటాయి. అవి పోయి చక్రంతో తిరిగే డ్రమ్మును అదుముకుంటాయి. చక్రం ఆగుతుంది. ఇంతే. దీనికా ఇంత భయం?

లైనర్లు, రబ్బర్లు కొనడానికి బుధవారం నంద్యాల వచ్చాను. నీ ఇంటికి రాలేదు. బాషా షెడ్డుకు పోయాను. మంచి పేరు ఉందన్నావు కదా, చూద్దామని. పనివాళ్ళందరి ముందూ అడిగాను. “మా నాయన జీపుకు ఏం బ్రేకులు వేసినావు? నువ్వు చేసిన దొంగపనికి మా నాయన తాగుబోతైనాడు. ఆరేండ్లుగా నోరు ఎట్లా మూసుకున్నావు?” ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నన్నే చూశాడు. “ఎండన పడి వచ్చినావు, నీళ్ళు తాగు” అన్నాడు. చెంబు ముందు పెట్టాడు. తాగలేదు. తప్పు లేనివాడైతే ఎదురు తిరిగి తిట్టేవాడు. ఏమంటావు?

బొమ్మలు చదవడం వచ్చిన
ఏలీయా


నంద్యాల,
16 మార్చి 1985

ఏలీయా,

సిగ్గుతో రాస్తున్నాను. నువ్వు షెడ్డులో అరిచిన సంగతి నీ ఉత్తరం రాకముందే మా స్కూలు దాకా వచ్చింది. “మీ తమ్ముడేనంటనే?” అని కమలాక్షమ్మ టీచరు అడిగితే అవునని తల ఊపాను. దొంగ అన్నావట. నీ తండ్రి వయసువాడిని. ఆయన నీళ్ళిస్తే తాగకుండా వచ్చావట. అది మన ఇంట్లో నేర్పారా?

నాయనకు చెప్పకూడదనుకున్నాను, కాని అడితిలో ఎవరో చెప్పేశారు. ఆ పూట అన్నం తినలేదు. మరునాడు పొద్దున్నే తలకు గుడ్డ చుట్టుకుని, ఆరేళ్ళుగా వదిలేసిన ఆ దారి పట్టుకుని బాషా షెడ్డుకు పోయాడు. నేను వెనకాలే పోయి రోడ్డు అవతల నిలబడి చూశాను. ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. టీ తెప్పించాడు బాషా. నాయన ఏదో అన్నాడు. బాషా నాయన భుజం మీద చేయి వేశాడు. నాయన తల వంచుకునే ఉన్నాడు. నీ తరఫున క్షమాపణ అడగడానికి, నొప్పి కాలు ఈడ్చుకుంటూ పోయిన మనిషి!

ఇంటికొచ్చాక ఏమన్నాడని అడిగితే, “బాషా మంచోడు లే” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నువ్వు వచ్చి బాషా ముందు తప్పైందని చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు. రాసినా చదవను. (అమ్మ గురించైతే రాయి.)

లూదియా


ఆళ్ళగడ్డ,
28 మార్చి 1985

అక్కా,

అమ్మ గురించే రాస్తున్నాను, కాబట్టి చదవాలి.

అమ్మ బ్రేకులు వేసింది. అవును, మన దేవమ్మే. చివర్లో గొట్టాల్లో చిక్కిన గాలి తీయాలి, దానికి ఇద్దరు ఉండాలి. ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద చక్రం దగ్గర బోల్టు మర వదులు చేసి గాలి పోనిచ్చి మళ్ళీ బిగించాలి. పిలిస్తే ఎవడూ రాలేదు. అమ్మ కొంగు దోపుకుని ఎక్కి కూర్చుంది. “తొక్కు” అంటే తొక్కింది. “పట్టుకో” అంటే పట్టుకుంది. “వదులు” అంటే వదలలేదు. ఏందమ్మా అని లేచి చూస్తే కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది! “ఆమేన్ అనేదాకా ఎట్లా వదిల్తారా?” అంది. నాలుగు చక్రాలకూ నాలుగు ప్రార్థనలైనాయి. అంత భక్తిగా గాలి తీసిన బండి ఈ జిల్లాలో ఉండదు.

ఇక నా పని విను. నీ కాగితం లేకుండానే చేశాను. లైనర్లు నేనే రివిట్లు కొట్టి బిగించాను. సిలిండర్లు విప్పి, పాత మురికి గీకి, కొత్త రబ్బర్లతో సహా ప్రతి ముక్కా కిరసనాయిల్లో రెండుసార్లు ముంచి కడిగాను. మిల్లులో ఏ సామాను విప్పినా మాకు అదే స్నానం. రబ్బర్లు బర్రె ముక్కులా నిగనిగలాడాయి. ఏ షెడ్డువాడు ఇంత శుభ్రంగా చేస్తాడో చూపించు.

నిన్న సాయంత్రం మిల్లు దాకా నడిపి వచ్చాను. పద్మమ్మ గేదె దారికి అడ్డం వస్తే తొక్కాను. ఆగింది అక్కా! ముక్కుతాడు పట్టి లాగినట్టు ఆగింది. గేదె కూడా నా వైపు గౌరవంగా చూసింది. ఒకటే చిన్న విషయం. పెడలు వదిలితే పైకి రావడానికి కాస్త బద్ధకిస్తోంది, ముందు ఎడమ డ్రమ్ము వేడెక్కుతోంది. కొత్తవి కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయి.

అయ్యగారి దగ్గరికి పోయాను. శుక్రవారం మా బండి వస్తుంది, మా నాయనే నడుపుతాడు, ఈస్టరు పండుగ ఆదివారం ఆయనను బల్ల దగ్గరికి పిలవాలి అన్నాను. “మీ నాయన యేసురత్నం వస్తే మాట్లాడదాం” అన్నారు.

ఇక బాషా సంగతి. నాయన క్షమాపణ అడగడానికి పోయాడని నువ్వు రాశావు. నేను నమ్మను. ఆ మనిషి నాయనను ఏదో చెప్పి బెదిరించి నోరు నొక్కిపెట్టాడు. భుజం మీద చేయి వేయడం కూడా అందుకే. ఈ పండుగ కానీ, ఆ చేయి సంగతి చూస్తాను. తప్పైందని చెప్పను. బుధవారానికల్లా నాయనను బస్సెక్కించు. రాకపోతే నేనే నడుపుతా, బండి మాత్రం ఆగదు.

గెలిచిన
ఏలీయా


నంద్యాల,
31 మార్చి 1985, ఆదివారం

ఏలీయా,

దీన్ని పోస్టులో వేయడం లేదు. ఆళ్ళగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చి, మిల్లు గేటు దగ్గర నీ చేతిలోనే పెట్టమని ఒట్టు వేయించుకుంటున్నాను. చదివిన చోటే ఆగు. బండి కదిలించకు. అడుగు కూడా. కదిలించకు.

ఇప్పుడు సంగతి రాస్తాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మధ్యాహ్నం నాయన భోంచేస్తుండగా చదివాను. అమ్మ ప్రార్థన దగ్గర నవ్వాడు. ఆరేళ్ళలో ఆ నవ్వు నేను చూడలేదు. తర్వాత కిరసనాయిలు మాట వచ్చింది. చేతిలో సంగటి ముద్ద అలాగే ఆగిపోయింది.

“మళ్ళా సదువు” అన్నాడు. చదివాను.

“రబ్బర్లు గూడానా?”

“రబ్బర్లు కూడా అని రాశాడు నాయనా.”

“పెడలు పైకి రాలేదని రాసినాడా?”

“బద్ధకిస్తోందని రాశాడు.”

చేయి కడుక్కోకుండా లేచాడు. “వాడు పంపిన కాగితం యాడుంది? తియ్. అందులో ఏముందో సదువు” అన్నాడు. బైబిలు కింద నుంచి తీశాను. ఏలీయా, అందులో ఆరో వరుస. నల్ల అక్షరాల్లో ఉంది. ‘రబ్బరు భాగాలను బ్రేకు నూనెతో తప్ప మరి దేనితోనూ కడగరాదు. కిరసనాయిలు, పెట్రోలు, ఇంజను నూనె తగిలితే రబ్బరు ఉబ్బి చెడిపోవును, బ్రేకులు విఫలమగును.’ నెల రోజులుగా నా పెట్టెలో ఉంది. నీ మీద పంతంతో నేను మడత కూడా విప్పలేదు.

నాయన గడప మీద కూర్చుని చెప్పాడు. ఆయన మాటలే రాస్తున్నాను.

“ఆ పొద్దు బాషా షెడ్డులో మూడు బండ్లుండాయి. రేపు తీసుకురా అప్పా అన్నాడు. నేను వినలా. పదిహేనేండ్లు స్టీరింగు పట్టినోన్ని, బ్రేకులు ఎయ్యలేనా అనుకున్యా. ఇంటికాడ నేనే ఇప్పి, కిరసనాయిల్లో కడిగి ఏసినా. తెల్లారి ఘాటెక్కేటప్పుడు బాగానే ఉండాది. దిగేటప్పుడు, మూడో మలుపులో, కాలు నేలకు పాయ.”

బాషా ఆ బ్రేకులు ముట్టనే లేదు ఏలీయా. తర్వాత బండిని లాక్కొచ్చి ఆయన షెడ్డులోనే విప్పారు. ఉబ్బిన రబ్బర్లు చూడగానే ఆయనకు తెలిసిపోయింది. యజమాని లోపం ఏమిటని అడిగితే, “అంతా పగిలిపోయింది సార్, ఏం చెప్పలేను” అన్నాడట. నాయనను కాపాడాననుకున్నాడు. దాంతో ఊరు ఆ తప్పు ఆయన నెత్తిన వేసింది, షెడ్డు ఎత్తేయాల్సి వచ్చింది. అయినా నోరు విప్పలేదు.

“తాగినావని అంటే ఎందుకు ఒప్పుకున్నావు నాయనా?” అని అడిగాను. “తాగినోడు రేపు మానుకోవచ్చు. బ్రేకులు తెలీని డ్రైవరంటే ఇంక డ్రైవరే కాదు గదా” అన్నాడు.

ఆ రోజు షెడ్డుకు పోయింది నీ తరఫున కాదు. “నా కొడుకు నిన్ను దొంగ అన్నాడు, ఆ దొంగను నేను” అని చెప్పడానికి. బాషా ఏమన్నాడో తెలుసా? “ఆరేండ్లు మోసినోన్ని, ఇంగో నాలుగు దినాలు మొయ్యలేనా? పిల్లోనికి నిదానంగా సెప్పు” అన్నాడట.

నేను చేసిన తప్పుకు నన్ను తర్వాత తిట్టు. ముందు చక్రాలు విప్పి చూడు.

మడత విప్పకుండా దాచిన నీ అక్క,
లూదియా


ఆళ్ళగడ్డ,
2 ఏప్రిల్ 1985

అక్కా,

విప్పాను. రబ్బర్లు నానేసిన శనగల్లా ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఇంకో రెండు రోజులు తిరిగి ఉంటే అంచులు తెగి నూనె అంతా పోయేది. రుద్రవరం దారిలో నిటారుగా వాగు వంకలోకి దిగే చోటు నీకు తెలుసు. అక్కడ పద్మమ్మ, ఆమె పిల్లలు, అమ్మ. నేను ఆ రబ్బర్లు చేతిలో పట్టుకుని జీపు కిందే పడుకుండిపోయాను. ఎంతసేపో తెలియదు.

తర్వాత కోపం వచ్చింది. నీ మీద, నాయన మీద, ఆ పాత ఫిట్టరు వీపు మీద, నా మీద. అన్నిటికంటే ఎక్కువ, చెప్పకుండా దాచుకునే ఈ అలవాటు మీద. బాషా మామ దాచాడు మంచితనంతో. నాయన దాచాడు సిగ్గుతో. నువ్వు దాచావు పంతంతో. ముగ్గురూ మంచివాళ్ళే. ముగ్గురి మంచితనం కలిసి పదిమందిని వంకలో పడేసేది.

ఇంక నేను బండి ముట్టనని రాస్తానని చూస్తున్నావా? రాయను. తప్పు కిరసనాయిలుది, నా చేతులది కాదు. షూలు సరిగా కూర్చున్నాయి, లైనర్లు సరిగా పట్టాయి, గాలి పోయింది. ఒక్క వరుస తెలియలేదు. తెలియనందుకు చేతులు నరుక్కోను. తెలిసింది కాబట్టి మళ్ళీ వేస్తాను.

అయితే దాచను. ఇవాళ మిల్లు గేటు దగ్గర అందరి ముందూ ఆ రబ్బర్లు అరచేతిలో పెట్టి చూపించాను. “నేనే పాడు చేసినా. కిరసనాయిల్లో కడిగినా. మీరెవరూ కడగొద్దండి” అన్నాను. “శుక్రవారం జీపు లేదంటనే!” అని ఎగతాళి చేశారు. అయ్యగారికీ చెప్పాను. ఇంటికొస్తుంటే పద్మమ్మ సందు చివరి నుంచి అరిచింది, “నేను నడిచే పోతానని అప్పుడే సెప్పలేదా?” అని. “నువ్వు సెప్పిందే నిజం పద్మమ్మత్తా” అన్నాను. ఇది చెప్పడానికి నాకు ఎంత బరువైందో తెలుసా? అయినా చెప్పాక నేను చావలేదు. నాయనకు ఈ సంగతి చదివి వినిపించు. చెప్తే చావరని చెప్పు.

ఆయనను పంపు. నడపడానికి కాదు. అమ్మ బదులు పెడలు తొక్కడానికి. ఆమెతో నాకు ఇంకో నాలుగు ప్రార్థనలు అయ్యేలా లేవు.

నీ మీద కోపం ఇంకా ఉంది. కాగితం పంపితే సగం తగ్గుతుంది.

ఏలీయా


నంద్యాల,
3 ఏప్రిల్ 1985

తమ్ముడూ,

ఈ ఉత్తరం తెచ్చేది నాయనే. బస్టాండు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

బస్సు డ్రైవరు తెచ్చిచ్చిన నీ ఉత్తరంలో మిల్లు గేటు సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. “అందరి ముందరా?” అని అడిగాడు. అందరి ముందే అన్నాను. లేచి చొక్కా వేసుకున్నాడు.

బస్టాండుకు పోతూ బాషా షెడ్డు దగ్గర ఆగాం. కొత్త రబ్బర్లు, బ్రేకు నూనె డబ్బా పొట్లం కట్టి ఇచ్చాడు. మీరే ఒకసారి వచ్చి వాడి పని చూసి పోరాదా అని నేను అడిగాను. “నేనెందుకమ్మా వచ్చేది? వాని పని నేను సూడబోను. వాడే తెచ్చి నాకు సూపించాల” అన్నాడు. కోపంగా అన్నాడో, నవ్వుతూ అన్నాడో నాకు తెలియలేదు. మీసం అడ్డం.

నీ కాగితం తెలుగు చేసి పెట్టాను. రెండు వైపులా. ఒక్క వరుస వదలలేదు. ఇంకో ప్రతి రాసి మా స్కూలు పక్క సైకిలు షాపు గోడకు కూడా అంటించి వచ్చాను. సైకిళ్ళకు దానితో పని లేదని షాపాయన మొత్తుకున్నాడు. ఉండనీ అన్నాను.

మిగతా సగం కోపం ఎప్పుడు తగ్గుతుంది?

లూదియా


ఆళ్ళగడ్డ,
8 ఏప్రిల్ 1985, సోమవారం

అక్కా,

తగ్గింది. వరసగా చెప్తాను, మధ్యలో ఏడవకు.

నాయన బస్సు దిగి సందులోకి వచ్చేసరికి ఇళ్ళ ముందు అందరూ నిలబడి చూశారు. ఆయన ఎవరినీ చూడలేదు. నేరుగా జీపు దగ్గరికి పోయి బానెట్టు మీద చేయి పెట్టాడు, జ్వరం చూసినట్టు. అంతలో నేను అలవాటు కొద్దీ పానాలు కడగడానికి కిరసనాయిలు డబ్బా తీశాను. “రేయ్! దాన్ని తీసుకుపోయి సందు అవతల పెట్టు!” అని అరిచాడు. ఆరేళ్ళ తర్వాత నాయన గొంతు అది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

గురువారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేశాం. పాత నూనె అంతా వదిలేశాం. గొట్టాలు స్పిరిటుతో కడిగాం. పెడలు కింది పెద్ద సిలిండరు కూడా విప్పి రబ్బర్లు మార్చాం. నీ తెలుగు కాగితం అద్దానికి దారంతో కట్టుకున్నాం. ప్రతి వరుసా నేను పైకి చదివితే, “ఊఁ” అనేవాడు నాయన. ఆరో వరుస దగ్గర ఊఁ అనలేదు. “మళ్ళా సదువు” అన్నాడు. గట్టిగా చదివాను. సందులో గుమిగూడిన వాళ్ళంతా విన్నారు. అప్పుడు లేచి నిలబడ్డాడు. “ఆ దినం యజమాని జీపుకు నేను ఇట్లానే సేసినా. బాషా సెయ్యి దానికి తగల్లేదు. నేను తాగలేదు. తెలీక సేసినా” అన్నాడు. గుంపులోంచి ముసలి కృష్ణమ్మవ్వ, “ఈ మాట అప్పుడే అని ఉంటే ఆ సాయిబు ఈడనే ఉండునుగదప్పా” అంది. నాయన తల ఊపాడు. ఆ మాట పడాల్సిందే, పడ్డాడు.

గాలి తీసేటప్పుడు ఆయనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. కింద నుంచి నాకు ఆయన కాలు ఒక్కటే కనిపించింది. పగిలిన మోకాలు ఉన్న కాలే. “తొక్కు నాయనా” అంటే వణుకుతూ తొక్కింది. నాలుగో చక్రానికి వచ్చేసరికి వణకడం మానింది.

శుక్రవారం రుద్రవరానికి మా బండి ఎక్కింది ముగ్గురు. అమ్మ, కృష్ణమ్మవ్వ, నేను. మిగతావాళ్ళు పాటలు పాడుకుంటూ నడిచారు. మేము పక్క నుంచి మెల్లగా పోయాం. వంక దిగే చోట నాయన కావాలనే మధ్యలో ఆపాడు. పూర్తిగా. మళ్ళీ కదిలించి మళ్ళీ ఆపాడు. “ఏం నాయనా?” అంటే, “ఊరికే” అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పన్నెండు మంది ఎక్కారు. విశ్వాసం అనుకోకు, మూడు గంటల ప్రసంగం విన్నాక కాళ్ళు రాలేదు. ముందు సీట్లో పద్మమ్మ. దిగి, “ఆగింది లే” అంది. ఆమె నోటి నుంచి అంతకంటే రాదు.

నిన్న పండుగ ఆరాధనలో అయ్యగారు నాయనను బల్ల దగ్గరికి పిలిచారు. నాయన పోయి నిలబడి, “అయ్యగారూ, తాగినానని నన్ను ఆపినారు. నేను తాగలేదు. రబ్బర్లు కిరసనాయిల్లో కడిగినా. ఆపాలంటే దానికి ఆపండి” అన్నాడు. అయ్యగారు కాసేపు ఆలోచించారు. ఆ పాపం ఏ పుస్తకంలోనూ లేదు కాబోలు, రొట్టె చేతిలో పెట్టారు.

ఇక మిగిలింది బాషా మామ. దొంగ అన్నాను. నీళ్ళు తాగలేదు. నాయన నిజం దాచాడు గాని, ఆ మాట అన్న నోరు నాదే. క్షమాపణ ఎలా అడగాలో నాకు రాదు అక్కా, నేర్చుకోలేదు, ఎవరి వీపు వెనక నుంచీ కూడా. వాడే తెచ్చి చూపించాలన్నాడు కదా, నాకు వచ్చిన పద్ధతిలో అడుగుతాను.

శనివారం పదకొండు గంటలకు వస్తున్నాం. నడిపేది నేను. నాయన పక్కన కూర్చుంటాడు. నువ్వు ముందే పోయి బాషా మామను షెడ్డు బయటికి పిలిచి, రోడ్డు అంచున నిలబెట్టు. నేరుగా ఆయన మీదికే వచ్చి మూరెడు దూరంలో ఆపుతాను. ఆయనకిష్టమైతే నిలబడమను, లేకపోతే తప్పుకోమను, రెండూ ఆయన హక్కే. నిలబడితే మాత్రం వెనక్కి జరగవద్దని చెప్పు.

ఒక చెంబు నీళ్ళు కూడా సిద్ధంగా పెట్టమను. ఈసారి తాగుతాను.

నీ తమ్ముడు
ఏలీయా